పది నిమిషాల వంట

గంగన్నపాలెం బోర్డింగు,
రొంపిచెర్ల దగ్గర.
9–1–1986

ఒరేయ్ ప్రభూ,

నువ్వూ మణెమ్మా పిల్లలిద్దరూ బాగున్నారని అనుకుంటాను. నా ఒంటికేమీ లేదు. కష్టమంతా వంటింట్లోనే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

బియ్యం ఇంకో నాలుగు రోజులకు సరిపోతాయి, అంతే. క్రిస్మస్ కాగానే వస్తుందన్న లోడు రాలేదు. ముప్పైఇద్దరు ఆడపిల్లలు. కాలవకు నీళ్ళు రాక ఇక్కడి పొలాలు ఎండాయి కదా, తల్లిదండ్రులందరూ మిరపకాయ కోతలకని పెదకూరపాడు వైపు వెళ్ళిపోయారు. పిల్లల్ని ఇళ్ళకు పంపుదామన్నా ఆ ఇళ్ళకు తాళాలున్నాయి.

బడి నుంచి నాలుగింటికి వస్తారు. వచ్చి వంటింటి గడప పొడుగునా వరసగా కూర్చుంటారు. ఏమీ అడగరు. అడిగితే కసురుకుని అవతలికి పొమ్మనవచ్చు. ఊరికే పొయ్యి వంక చూస్తారు. గోధుమరవ్వ జావ రోజురోజుకీ పలచన చేస్తున్నాను. మొన్న దీనమ్మ అని ఏడేళ్ళ పిల్ల, గిన్నెలోకి తొంగి చూసి, “ఇందులో నా మొకం కనపడతంది వంటమ్మా” అంది. మిగతా పిల్లలు నవ్వారు. నేను పొగ వంక పెట్టుకుని బయటికి వచ్చాను.

మిషను గోడౌను తాళాలు నీ దగ్గరే కదా. ఏదుంటే అది పంపు. పురుగు పట్టిందైనా సరే, ఏరుకుంటాను.

నీ అక్క,
ఆరోగ్యమ్మ


మాచర్ల,
14–1–1986

ప్రియమైన అక్కకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. బియ్యం లేవు. గోడౌనులో గోధుమరవ్వ కూడా అయిపోయింది. మిషను ఆఫీసులో అయ్యగారిని అడిగితే, “పైనుంచే రాలేదు ప్రభుదాసూ, నేనేం చెయ్యను” అన్నారు.

ఉన్నది ఒకటే. అట్టపెట్టెల్లో మాకరోని అని, తెల్లదొరల తిండి. గోధుమపిండితో చేసిన సన్నటి గొట్టాలు, మన సేమ్యాకి పెద్దన్నలాంటిది. నాలుగు పెట్టెలు రేపు పొద్దున నరసరావుపేట రైల్లో వేస్తాను, అక్కడి నుంచి రొంపిచెర్ల బస్సు మీద ఎక్కించమని మనవాళ్ళకు చెప్పాను.

వండే పద్ధతి రాస్తున్నాను. పెద్ద డేగిసాలో నీళ్ళు తెర్లనివ్వు. ఉప్పు వెయ్యి. పిల్లకు రెండు గుప్పెళ్ళ లెక్కన పోసి, అంటుకోకుండా గరిటెతో తిప్పు. పది నిమిషాలకు మించి ఉంచకు, ముద్దయిపోతుంది. అన్నం వార్చినట్టే వార్చు. వేరే మూకుట్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేయించి, టమాటాలు దొరికితే నాలుగు చిదిమి అందులో కలుపు. అంతే. పుల్లలు కూడా కలిసొస్తాయి.

మా ఇంట్లో కూడా వండాం. పిల్లలు బాగానే తిన్నారు. వండే ముందు జల్లెడ పట్టు.

తమ్ముడు,
ప్రభుదాసు


గంగన్నపాలెం బోర్డింగు,
22–1–1986

ప్రభూ,

నువ్వు చల్లగా ఉండాలి నాయనా. పెట్టెలు చేరాయి.

మొదటిరోజు నీ మాట వినలేదు. పది నిమిషాల్లో ఉడికేది తిండేంది అనుకుని అన్నంలాగా కూర్చోబెట్టాను. మూత తీస్తే గోడకు పోస్టర్లు అతికించే మైదా జిగురు! దాన్నీ నాకేశారు పిల్లలు. రెండోరోజు నువ్వు చెప్పినట్టే చేశాను. పురుగులుంటే చేటలో కొట్టి చెరిగాను. ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు, కాస్త చింతపండు పులుసు. టమాటాలు ఎక్కడివి ఈ కరువులో.

పళ్ళేల్లో పెట్టగానే ఎవరూ ముట్టుకోలేదు. “ఇయ్యేంది వంటమ్మా, కోడీకల కాడలా?” అంది ఒకతి. దీనమ్మ ఒక గొట్టం తీసి నోట్లో పెట్టుకుని ఈలలాగా ఊదింది. దాని చివరి నుంచి పులుసు ఎగిరి పక్కపిల్ల ముక్కు మీద పడింది. ఇక చూడు, ముప్పైఇద్దరూ ఊదడమే, పీల్చడమే. డేగిసా అడుగు కనపడేసరికి మళ్ళీ నీళ్ళు పెట్టాను. ఇంతలోనే ఉడుకుతుంది కాబట్టి రెండోసారి వండిపెట్టగలిగాను. దీనమ్మ మూడుసార్లు పళ్ళెం చాపింది. ఆ పిల్లకు తండ్రి లేడు, రాతిక్వారీలో పోయాడు. తల్లి పున్నమ్మ కూడా కోతలకే వెళ్ళింది.

నెల రోజులుగా ఈ పిల్లలు ఇలా పగలబడి నవ్వగా వినలేదురా. ఇంకా పెట్టెలుంటే పంపు.

అక్క


మాచర్ల,
29–1–1986

అక్కకు వందనాలు.

పిల్లలు తిన్నారని రాశావు, సంతోషం. వాసనేమైనా వచ్చిందా? ముక్కిన వాసన గాని, చేదు గాని? ఎవరికైనా కడుపులో నొప్పి, అజీర్తి లాంటివి చేశాయా? ఊరికే అడుగుతున్నాను.

ఇంకో రెండు పెట్టెలు పంపుతున్నాను. ఆ పైన అడగకు.

ఒక మాట. ఖాళీ అయిన అట్టపెట్టెలు ఉంచకు. పొయ్యిలో పెట్టి కాల్చెయ్యి. తప్పకుండా కాల్చెయ్యి. పురుగులు పట్టిన అట్ట చుట్టూ ఉండటం మంచిది కాదు.

బోర్డింగు సంగతి ఆఫీసులో ఏవో మాటలు నడుస్తున్నాయి. ఇంకా ఏమీ తేలలేదు. తేలితే రాస్తాను.

మణెమ్మ నీకు వందనాలు చెప్పమంది.

ప్రభుదాసు


గంగన్నపాలెం బోర్డింగు,
8–2–1986

ప్రభూ,

వాసన లేదు, చేదు లేదు. ఎందుకంత భయం? నేను పంపమన్నాను, నువ్వు పంపావు, పిల్లలు తింటున్నారు.

అట్టలు మాత్రం కాల్చను. విప్పి పరిచి చిన్నపిల్లల్ని వాటి మీద పడుకోబెడుతున్నాను. కింద గచ్చు పగిలిపోయి చలి కొడుతుంది, చాపలు చిరిగిపోయాయి. వాటి మీదున్న ఇంగ్లీషు అక్షరాలు చూసి రాసుకుంటున్నారు కూడా. ఎర్రసిరాతో పెద్ద ముద్ర ఒకటి ఉంది, దాన్ని దిద్దడం వాళ్ళకు ఆట.

నీళ్ళతోనే చావొచ్చింది. మన బావి ఎండింది. చేద వేస్తే బురద వస్తోంది. ఊరి బయట కుంట నీళ్ళే అందరికీ గతి, పశువులకూ మనుషులకూ. గుడ్డలో వడపోసి ఇస్తున్నాను. కాచి ఇవ్వాలంటే పుల్లలు చాలవు. అయ్యగారికి రెండు కార్డులు రాశాను, జవాబు లేదు. నువ్వైనా చెప్పు.

ఆఫీసులో మాటలంటున్నావు, ఏం మాటలు? నా దగ్గర దాచకు.

అక్క


గంగన్నపాలెం,
3–3–1986

ప్రభుదాసుకు,

కిందటి సోమవారం పొద్దున పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి పదకొండుమంది. ఎడ్లబండి కట్టించి రొంపిచెర్ల దాకా, అక్కడి నుంచి బస్సులో నరసరావుపేట ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. బస్సులో జనం తిడుతూనే లేచి చోటిచ్చారు. దీనమ్మను నా ఒళ్ళో పెట్టుకున్నాను. “వంటమ్మా, దప్పికైతంది” అంటూనే ఉంది. తాగింది తాగినట్టు బయటికి వచ్చేస్తోంది. ఆస్పత్రి గేటు దగ్గర రిక్షా దిగేటప్పటికి నా చెయ్యి పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి.

మిగతా పదిమందీ బతికారు. దీనమ్మ పోయింది.

తల్లికి కబురు ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియదు. ఏ ఊరి పొలంలో ఉందో! రెండు రోజులు చూసి, నరసరావుపేట సమాధుల దొడ్లో పాతిపెట్టాం. మట్టి వేసినవాళ్ళలో ఆ పిల్ల రక్తసంబంధీకులు ఒక్కరూ లేరు.

కుంట నీళ్ళ వల్లేనన్నాడు డాక్టరు. ఊళ్ళో కూడా ముగ్గురు పడ్డారు, వాళ్ళెవరూ మన గొట్టాలు తినలేదు. అయితే విచారణకు వచ్చిన ఆఫీసరు హనుమంతరావుగారు వంటిల్లు చూసి, పిల్లల పడక చూసి, కింద పరిచిన అట్ట పైకెత్తారు. ఆ ఎర్రముద్రను తెలుగులో చదివి వినిపించారు. “మనుషులు తినరాదు. పశువుల మేతకు మాత్రమే.”

“ఇవి నీకెవరిచ్చారు?” అని అడిగారు. అయ్యగారు పక్కనే నిలబడి ఉన్నారు.

“ఎవరూ ఇయ్యలేదండీ. గోడౌను కాడికి నేనే పోయినా. తాళం తీసున్నది. అడక్కుండా తెచ్చుకున్నా” అన్నాను.

అదే రాసుకున్నారు. నేను వేలిముద్ర వెయ్యలేదు, సంతకం చేశాను. నీకు గుర్తుందా, ఐదో తరగతితో నేను బడి మానేసి నిన్ను బడికి పంపాను. నా ఆ కాస్త చదువుకు ఇదీ ఒక వాడకం. నన్ను పనిలోంచి తీసేశారు. బోర్డింగు మూసేశారు. దాన్ని మార్చిలో ఎలాగూ మూసేయాలని క్రిస్మస్‌కి ముందే అనుకున్నారటగా. అందుకే బియ్యం రాలేదటగా. ఇదీ నీకు తెలుసు.

ఒక్కటే అడుగుతాను. ఆ ముద్ర నువ్వు చదివావా?

ఆరోగ్యమ్మ


మాచర్ల,
9–3–1986

అక్కా,

చదివాను.

కిందటి వర్షాకాలంలో గోడౌను కారింది. ఆ పెట్టెలు తడిశాయి, తేదీ కూడా దాటింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ముద్రలు కొట్టించాడు. పాడిగేదెల వాళ్ళు తీసుకుపోయేదాకా ఒక మూల పెట్టమన్నారు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు ఆ మూలకెళ్ళి కూర్చున్నాను. గడప పొడుగునా కూర్చున్న పిల్లలు, అడగని పిల్లలు, అదే కనపడుతోంది. ఒక పెట్టె విప్పాను. సగానికి సగం బాగానే ఉన్నట్టనిపించింది. ఒక గంపెడు ఇంటికి తెచ్చాను.

అక్కా, ముందు నా పిల్లలకు పెట్టాను. మణెమ్మకు ఏమీ చెప్పలేదు. వాళ్ళు తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. మర్నాడు పొద్దున లేచి ఆడుకుంటుంటే, అప్పుడు నీ పెట్టెలు కట్టాను. నా పిల్లలకేమీ కాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. ఈ సంగతి నిన్న మణెమ్మకు చెప్పాను. అప్పటి నుంచి పిల్లలకు అన్నం నా చేత పెట్టనివ్వడం లేదు.

డాక్టరు నీళ్ళన్నాడని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. ఒకసారి నీళ్ళే అనిపిస్తుంది, ఒకసారి కాదనిపిస్తుంది. ఎవరు తేలుస్తారు? తేల్చాల్సిన పిల్లను పాతిపెట్టేశారు.

నువ్వు నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. నువ్వు చెప్పలేదు కాబట్టి నేను చెప్పాలి. రోజూ ఆఫీసుకు వెళ్తున్నాను, అయ్యగారి గది దాకా నడుస్తున్నాను, రిజిస్టరు చంకలో పెట్టుకుని వెనక్కి వస్తున్నాను. ఉద్యోగం పోతే అద్దె ఇల్లు, మణెమ్మ, పిల్లలు. ఇలా రాస్తుంటే నాకే అసహ్యం వేస్తోంది.

నువ్వు ఇక్కడికి వచ్చెయ్యి. నీకు నేనున్నాను అని రాయడానికి మొహం లేదు. అయినా వచ్చెయ్యి.

ప్రభు


పెదకూరపాడు,
2–4–1986

ప్రభూ,

నీ దగ్గరికి రాలేదు. నాకు వేరే పని ఉంది, దాని మీద ఇక్కడికి వచ్చాను.

పున్నమ్మకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆమె ఊరికి అయ్యగారు కార్డు రాయించారు. తాళం వేసిన ఇంటికి కార్డు! నేను మూట కట్టుకుని బయలుదేరి కోతలు జరిగే ప్రతి చేలోనూ అడుగుతూ తిరిగాను. తొమ్మిదో రోజు దొరికింది. కళ్ళంలో కాయ ఆరబోస్తోంది. ఘాటుకు అందరి కళ్ళూ నీళ్ళు కారుతున్నాయి. నా కళ్ళు చూసి ఆమెకు అనుమానం రాలేదు.

“ఏందక్కా, నువ్వూ కూలికొచ్చినావా? బోర్డింగుకి సెలవులా?” అంది.

“లేదమ్మా, నీ కోసమే వచ్చినా.”

“మా దీనమ్మ అల్లరి చేస్తందా?”

చెప్పాను. నిలబడి ఉన్నది నిలబడి ఉన్నట్టే మిరపకాయల మీద కూర్చుండిపోయింది. చానాసేపు అరిచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పట్టుకున్నారు. తర్వాత అరుపు ఆగింది. అప్పుడే ఇంకా భయం వేసింది నాకు. కొంగుతో మొహం తుడుచుకుని నన్ను దగ్గరికి పిలిచి అడిగింది, “పొయ్యేముందు కడుపునిండా తిన్నదా అక్కా?”

“తిన్నదమ్మా. నెలరోజులు కడుపునిండా తిన్నది.”

“ఏం తిన్నది?”

అక్కడ అబద్ధం చెప్పలేకపోయాను ప్రభూ. హనుమంతరావుగారికి చెప్పగలిగాను, ఈమెకు చెప్పలేకపోయాను. గొట్టాల సంగతి, ముద్ర సంగతి, కుంట నీళ్ళు, డాక్టరు మాట, అన్నీ చెప్పాను.

“పసులకని తెలిసే పెట్టినావా?”

“నాకు తెలవదు. నా తమ్ముడికి తెలుసు.”

“ఏడుంటాడు నీ తమ్ముడు?”

నీ పేరు చెప్పాను. ఇల్లు ఎక్కడో, ముందు నీ పిల్లలకే పెట్టావన్న సంగతీ చెప్పాను. నిన్ను పెంచిన చేతులతోనే ఆ పని చేశాను, నన్ను తిట్టుకుంటే తిట్టుకో. కానీ ఆమెకు తప్ప ఇంకెవరికి చెప్పాలిరా ఆ మాట?

రెండు రోజులు ఆమె పక్కనే పడుకున్నాను, ఆమె వరసలో కాయ కోశాను. ఈ కోతలైనాక వస్తానంది నీ దగ్గరికి. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు. వస్తే తలుపు వేసుకోకు.

అక్క


మాచర్ల,
16–4–1986

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే అయ్యగారి గదిలోకి వెళ్ళాను. ఈసారి వెనక్కి తిరగలేదు. పెట్టెలు పంపింది నేనే, ముద్ర చదివే పంపాను, మా అక్క నా కోసం అబద్ధమాడింది అని చెప్పాను. ఆయన విని తలుపు దగ్గరికి వేశారు. “ఆ ఫైలు మూసేశారు ప్రభుదాసూ. మళ్ళీ కదిపితే ఉన్న రెండు బోర్డింగులూ మూయిస్తారు. ఆ పిల్లలెక్కడికి పోతారు? వెళ్ళి పని చూసుకో” అన్నారు. రాతపూర్వకంగా ఇస్తానన్నాను. చేతులు జోడించారు. పెద్దాయన నాకు చేతులు జోడించారక్కా. కాగితం జేబులోనే ఉండిపోయింది. గంగన్నపాలెం పిల్లలు ముప్పైఒక్కమంది ఎక్కడున్నారు, ఏం తింటున్నారు అని అడిగాను. ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు.

నిన్న పున్నమ్మ వచ్చింది.

పొద్దున పదింటికి. ఆదివారపు చీరె కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. “ఆరోగ్యమ్మక్క తమ్ముడివి నువ్వేనా?” అంది. అవునన్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. మణెమ్మ చాప వేసి మంచినీళ్ళిచ్చింది, పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్ళబోయింది. “ఉండనియ్యమ్మా, పిల్లల్ని ఉండనియ్యి” అంది పున్నమ్మ. వాళ్ళ వంక చాలాసేపు చూసింది.

తర్వాత, “నా బిడ్డకి ఏం పెట్టారో నాకు వండిపెట్టు” అంది.

లేదన్నాను. తినకూడదన్నాను. కాళ్ళు పట్టుకున్నాను.

“నీ పిల్లలు తిన్నారంట కదా. నేనూ తింటా.”

నేను గోడౌనుకు వెళ్ళలేదు. బజారుకు వెళ్ళి, పెద్ద షాపులో అలాంటివే కొత్తవి ఒక ప్యాకెట్టు తెచ్చాను. అది కూడా ఆమెకు చెప్పే తెచ్చాను. ఇంకో అబద్ధానికి నాలో చోటు లేదు. సరేనంది. మణెమ్మ లేవబోతే, “ఆయన్నే చెయ్యనియ్యి” అంది.

నీళ్ళు పెట్టాను. నా వెనకాలే పీట వేసుకుని కూర్చుంది. నీకు రాసిన పద్ధతే, ఉప్పు, రెండు గుప్పెళ్ళు, గరిటె. వేడినీళ్ళు పాదం మీద పడ్డాయి. వార్చి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి, పళ్ళెంలో పెట్టి ఇచ్చాను.

ఒక గొట్టం వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తిన్నది. ఒక్క ముక్క వదలకుండా అంతా తిన్నది. పళ్ళెం తనే కడిగి బోర్లించింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

“ఇంతేనా? నీళ్ళు కాగినంత సేపేనా?” అంది.

“అవునమ్మా. పది నిమిషాలు.”

“అన్నం ఉడికేదాకా ఓర్చేది కాదు నా పిల్ల. పొయ్యి కాడ కూకొని ఏడిసేది, తన్నేదాన్ని” అంది. “ఇదైతే ఏడవకముందే అయిపోయుంటది.”

బస్సు దాకా వస్తానన్నాను. వద్దంది.

ప్రభు